నాన్న గోల్స్ పక్కన కొడుకు గోల్స్ పెట్టి చూడొచ్చా?

ప్రశ్న: మేం కెనడాలో, ఒంటారియోలో ఉంటాం. బయటి ఊళ్ల నుంచి వచ్చే ఆటగాళ్లకు బిల్లెట్ కుటుంబాలు, అంటే సీజన్ అంతా ఇంట్లో ఉంచుకునేవాళ్లు కావాలని మా ఊరి జూనియర్ ఐస్ హాకీ జట్టువాళ్లు అడిగితే ఒప్పుకున్నాం. ఈ సీజన్ మొదటి నుంచి ఒక కుర్రాడు మా ఇంట్లోనే ఉంటున్నాడు. పదిహేడేళ్లవాడు, నెమ్మదస్తుడు. ఈ ఏడాదే ఎన్‌హెచ్‌ఎల్ (ఇక్కడి అతి పెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగ్) డ్రాఫ్ట్‌కి, అంటే జట్లు వరసగా కుర్రాళ్లను ఎంచుకునే ఎంపికకి వస్తాడు. వాళ్ల నాన్న కూడా ఒకప్పుడు ఇదే లీగ్‌లో ఆడి, ఎన్‌హెచ్‌ఎల్‌లో పదేళ్లకు పైగా నిలదొక్కుకున్న ఫార్వర్డ్. రింక్‌లో ఎవరిని కదిపినా "ఈ వయసులో వాళ్ల నాన్న ఎలా ఆడేవాడో తెలుసా" అనే మాటే. మావారికీ, మా పన్నెండేళ్ల బాబుకీ అదే పిచ్చి పట్టింది. బాబు ఒక నోట్‌బుక్‌లో ఎడమవైపు తండ్రి గోల్స్, కుడివైపు కొడుకు గోల్స్ రాసుకుంటున్నాడు. మొన్న భోజనాల దగ్గర మావారు "మీ నాన్నకంటే పది గోల్స్ వెనకబడ్డావు, అయినా అందుకుంటావులే" అన్నారు. "విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా" అన్న మన సామెతను ఇంగ్లిష్‌లో విడమరిచి మరీ చెప్పారు. ఆయన ప్రోత్సాహంగానే అన్నారు. కుర్రాడు నవ్వాడు గానీ, ప్లేట్‌లో సగం వదిలేసి లేచి వెళ్లిపోయాడు. అసలు ఇలా పోల్చడం తప్పా? పోల్చడానికి సరైన పద్ధతి ఏమైనా ఉందా? వాడితో మేం ఎలా మాట్లాడాలి?

జవాబు: పోల్చడం తప్పు కాదు. తండ్రి ఆడిన లీగ్‌లోనే కొడుకు ఆడుతుంటే ఎవరికైనా ఆ ఆలోచన వస్తుంది, స్కౌట్లకీ వస్తుంది. కానీ మీ ఇంట్లో జరుగుతున్న పోలిక లెక్క ప్రకారమే తప్పు. పిల్లాడి మనసు సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఆ లెక్క సరిచేద్దాం. అది సరిపడితే మీవారి మాట కూడా దానంతటదే మారుతుంది.

ఏ కాలంలో ఆడారన్నది మొదట చూడాలి. గోల్ విలువ ఎప్పుడూ ఒకేలా ఉండదు. 1981-82 సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్ ఒక్కోదానిలో రెండు జట్లూ కలిపి సగటున ఎనిమిది గోల్స్ పడేవి. 2003-04 వచ్చేసరికి అది ఐదు చిల్లరకి దిగిపోయింది. గోలీల ప్యాడ్లు పెద్దవయ్యాయి. మోకాళ్ల మీద వాలి నెట్ కింది భాగమంతా మూసేసే బటర్‌ఫ్లై పద్ధతి అందరికీ అబ్బింది. డిఫెన్స్‌వాళ్లు స్టిక్ అడ్డంపెట్టి పట్టుకున్నా, లాగినా రిఫరీలు చూసీ చూడనట్టు పోయేవారు. లాకౌట్ వల్ల 2004-05 సీజన్ మొత్తం రద్దయ్యాక, 2005లో రూల్స్ మార్చారు. ప్యాడ్ల సైజు తగ్గించారు, మధ్య ఎర్రగీత దాటే పొడుగు పాస్‌లను అనుమతించారు, పట్టుకుని లాగేవాళ్లకు పెనాల్టీలు గట్టిగా వేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ సగటు ఆరు దాటింది. జూనియర్ లీగ్‌లలోనూ ఇలాంటి ఎత్తుపల్లాలు ఉంటాయి. కాబట్టి తండ్రి ఆడిన ఏడాది లీగ్ సగటు ఎంతో, ఇప్పుడు ఎంతో చూడకుండా రెండు అంకెలు పక్కపక్కన రాస్తే అది పోలిక కాదు.

చేయడం కష్టమేమీ కాదు, మీ బాబు కూడా చేయగలడు. ఊరికే అనుకుందాం: తండ్రి కాలంలో లీగ్ సగటు మ్యాచ్‌కి 8 గోల్స్, ఆయన కొట్టినవి 40. ఇప్పుడు సగటు 6.5, కొడుకు కొట్టినవి 32. 40ని 8తో భాగించి 6.5తో గుణించండి. 32.5 వస్తుంది. ఎనిమిది గోల్స్ వెనకబడ్డాడనుకున్న కుర్రాడు నిజానికి తండ్రితో సమానంగా ఉన్నాడన్నమాట. ఆడిన మ్యాచ్‌ల సంఖ్య వేరైతే ముందు మ్యాచ్‌కి ఎన్ని గోల్స్ అని తీసి, ఆ తర్వాత ఈ లెక్క చేయాలి. మీవారు చెప్పిన ఆ పది గోల్స్‌ని కూడా ఇలా ఒకసారి వడపోసి చూడమనండి.

వయసు విషయంలో ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది. "డ్రాఫ్ట్ ఏడాది" అనగానే అందరిదీ ఒకే వయసు అనుకుంటాం. డ్రాఫ్ట్‌కి రావాలంటే ఆ ఏడాది సెప్టెంబర్ 15 నాటికి పద్దెనిమిది నిండాలి. ఆగస్టులో పుట్టినవాడు డ్రాఫ్ట్ నాటికి ఇంకా పదిహేడులోనే ఉంటాడు. అక్టోబర్‌లో పుట్టినవాడు మరో సీజన్ ఆగి, పద్దెనిమిదేళ్ల ఎనిమిది నెలల వయసులో వస్తాడు. ఎన్‌హెచ్‌ఎల్ స్టార్ ఆస్టన్ మాథ్యూస్ 1997 సెప్టెంబర్ 17న పుట్టాడు. రెండు రోజుల తేడాతో 2015 డ్రాఫ్ట్‌కి అందక, 2016లో అందరికంటే ముందు ఎంపికై, మొదటి పిక్‌గా వెళ్లాడు. ఆ వయసులో పది నెలలంటే మాటలు కాదు. ఎత్తు, బరువు, కాళ్లలో బలం అన్నీ మారిపోతాయి. తండ్రీకొడుకుల పుట్టినరోజులు ఏ నెలల్లో ఉన్నాయో చూశారా? చూడకపోతే ముందు అది చూడండి.

లీగ్, వయసు రెండూ దాదాపు కలిసొచ్చే జంట ఒకటి ఉంది: జెరోమ్ ఇగిన్లా, ఆయన కొడుకు టీజ్. తండ్రి 1977 జూలై 1న పుట్టాడు, కొడుకు 2006 ఆగస్టు 4న. ఇద్దరూ పశ్చిమ కెనడా జూనియర్ లీగ్ డబ్ల్యూహెచ్‌ఎల్‌లోనే ఆడారు, తండ్రి కామ్‌లూప్స్‌కి, కొడుకు కెలోనాకి. ఇద్దరికీ డ్రాఫ్ట్ సీజన్ అంతా పదిహేడేళ్లే. జెరోమ్ 1994-95లో 72 మ్యాచ్‌లలో 33 గోల్స్, మొత్తం (గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపి) 71 పాయింట్లు. టీజ్ 2023-24లో 64 మ్యాచ్‌లలో 47 గోల్స్, 84 పాయింట్లు. డ్రాఫ్ట్‌లో తండ్రి పదకొండో పిక్, కొడుకు ఆరో పిక్. ఇక్కడితో ఆపేస్తే కొడుకు తండ్రిని మించాడని రాసేసుకోవచ్చు.

కానీ జెరోమ్ ఆడిన కామ్‌లూప్స్ మామూలు జట్టు కాదు. ఆయన ఉండగా 1994లో, 1995లో వరసగా మెమోరియల్ కప్ (కెనడా జూనియర్ జట్ల అతి పెద్ద కప్) గెలిచిన జట్టు. షేన్ డోన్, డార్సీ టక్కర్ లాంటివాళ్లు అందులో ఉన్నారు. అంతమంది పెద్దవాళ్ల మధ్య పదిహేడేళ్ల కుర్రాడికి పవర్‌ప్లేలో, అంటే అవతలి జట్టులో ఒకడు పెనాల్టీకి బయట కూర్చున్నప్పుడు, ఎంత చోటు దొరుకుతుంది? మరుసటి ఏడాది, పద్దెనిమిదేళ్లకి, అదే జెరోమ్ 63 మ్యాచ్‌లలో 63 గోల్స్, 136 పాయింట్లు చేశాడు. రెండేళ్ల ముందు 48 మ్యాచ్‌లలో ఆరంటే ఆరు గోల్స్ కొట్టిన కుర్రాడే ఈయన! ఇక టీజ్ పద్దెనిమిదేళ్ల సీజన్ తుంటి ఆపరేషన్ వల్ల మధ్యలోనే ఆగిపోయింది. ఆ రెండు సీజన్లూ పక్కపక్కన పెడితే కొడుకు చాలా వెనకబడినట్టు కనిపిస్తాడు. ఒక ఏడాది ముందు ఉన్నవాడు తర్వాతి ఏడాది వెనక ఉన్నాడంటే, మారింది ఆట కాదు, ఆడిన మ్యాచ్‌లు. ఒకే లీగ్, ఒకే వయసు, దాదాపు ఒకే నెలలో పుట్టుక. ఇంత చక్కగా కుదిరిన జంట విషయంలోనే అంకెలు ఇలా తిప్పలు పెడుతుంటే, మీ బాబు నోట్‌బుక్‌లో రెండు వరసలు ఏం చెప్పగలవు?

మీరు రాయని సంగతి ఒకటుంది. తండ్రి ఫార్వర్డ్ అన్నారు. మరి కుర్రాడు ఏ పొజిషన్? అతను డిఫెన్స్ ఆడుతుంటే ఈ చర్చే అనవసరం. గోర్డీ హోవ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 801 గోల్స్ కొట్టిన వింగర్. ఆయన కొడుకు మార్క్ హోవ్ కూడా వింగర్‌గానే మొదలై, తర్వాత డిఫెన్స్‌కి మారి, 2011లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. మార్క్ ఎన్‌హెచ్‌ఎల్ గోల్స్ 197. 801 పక్కన 197 పెట్టి ఎవరైనా నవ్వితే, వాళ్లు ఆట చూడలేదనే అర్థం. టై డోమి, మాక్స్ డోమి ఇంకో రకం. తండ్రి పేరు చెప్పగానే గుర్తొచ్చేది దెబ్బలాటలు, శిక్షగా బయట కూర్చున్న 3515 పెనాల్టీ నిమిషాలు. కెరీర్ మొత్తంలో ఆయన గోల్స్ 104. కొడుకు పాస్‌లతో బతికే ఫార్వర్డ్, తండ్రి గోల్స్ ఎప్పుడో దాటేశాడు. తండ్రి చేసిన పని ఈనాటి ఆటలో దాదాపుగా లేకుండా పోయింది. ఇక ఎవరు గొప్ప అంటే ఏం చెబుతాం?

మీ ఒంటారియోలోనే మరో ఉదాహరణ. తండ్రివైపు భారతీయ మూలాలున్న మానీ మల్హోత్రా 1998లో ఏడో పిక్‌గా వెళ్లాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో 991 మ్యాచ్‌లలో ఆయన కొట్టినవి 116 గోల్స్. ఏడో పిక్‌కి ఇది తక్కువే అని పెదవి విరిచేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఫేస్‌ఆఫ్ (ఆట మొదలయ్యేటప్పుడు ఇద్దరు పక్ కోసం పోటీపడటం) గెలిచి పక్ (బంతి బదులు వాడే బిళ్ల) తన జట్టుకి ఇవ్వడం, అవతలివాళ్ల పవర్‌ప్లేని అడ్డుకోవడం, ఎదుటి జట్టు మేటి లైన్‌ని కట్టిపడేయడం ఆయన పని. ఆ పని కోసమే అన్నేళ్లు జీతమిచ్చి ఉంచుకున్నారు. 2011 మార్చిలో పక్ ఎడమ కంటికి తగిలి చూపు దెబ్బతింటే, ఆపరేషన్ల తర్వాత జూన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్లో మళ్లీ బరిలోకి దిగాడు. ఆయన కొడుకు కేలబ్ ఒంటారియో జూనియర్ లీగ్ ఓహెచ్‌ఎల్‌లో బ్రాంట్‌ఫర్డ్‌కి సెంటర్‌గా ఆడాడు, పాయింట్లు బాగా చేసే రకం. గోల్స్ మాత్రమే చూస్తే కొడుకు ముందు తండ్రి చిన్నగా కనిపిస్తాడు. 991 మ్యాచ్‌లు ఆడటం ఎంత కష్టమో ఆ కొడుక్కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకుంటాను.

ఇక అసలు చిక్కు. ఆ తండ్రి విషయంలో జనం తలుచుకునేది పదేళ్ల కెరీర్‌ని. కొడుకు దగ్గర ఉన్నది ఒక సీజన్. పూర్తయిన పుస్తకాన్ని మొదటి అధ్యాయంతో తూచుతున్నారు. పోల్చాలంటే తండ్రి పదిహేడేళ్ల వయసు వరకే తీసుకోవాలి, ఆ తర్వాత వచ్చిన పేరంతా పక్కన పెట్టాలి. ఆ వయసులో ఆయన గురించి స్కౌట్లు ఏమనుకున్నారో, ఎన్నో పిక్‌గా వెళ్లాడో, ఆ తర్వాత ఎన్నేళ్లకు నిలదొక్కుకున్నాడో చూడాలి. బ్రెట్ హల్‌ని 1984లో 117వ పిక్‌గా తీసుకున్నారు. తండ్రి బాబీ హల్ అప్పటికే ఆటలో దేవుడిలాంటివాడు, ఎన్‌హెచ్‌ఎల్‌లో 610 గోల్స్. ఆ రోజు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు కొడుకు ఆనడు. 1990-91లో బ్రెట్ ఒక్క సీజన్‌లో 86 గోల్స్ కొట్టాడు, చివరికి 741 దగ్గర ఆగాడు. కీత్ కచక్ 538 గోల్స్ కొట్టినా స్టాన్లీ కప్ అందుకోలేదు. కొడుకు మాథ్యూ ఫ్లోరిడాతో 2024లో, 2025లో వరసగా రెండుసార్లు ఎత్తాడు.

ఈ కథలు చెబుతున్నానని, కొడుకులంతా తండ్రులను దాటేస్తారని అనుకోకండి. మనకు గుర్తుండేది పైకొచ్చిన కొడుకులే. జూనియర్‌తో ఆగిపోయినవాళ్లు, చిన్న లీగుల్లో రెండేళ్లు ఆడి వేరే ఉద్యోగం చూసుకున్నవాళ్లు ఎవరి నోటా రారు. హాకీలో అందరికంటే గొప్పవాడిగా పేరున్న వేన్ గ్రెట్జ్‌కీ కొడుకు ట్రెవర్ అసలు హాకీయే వద్దని బేస్‌బాల్ ఆడాడు. తండ్రి ఎంత అరుదైన ఆటగాడైతే, కొడుకు ఆ ఎత్తుకి చేరే అవకాశం అంత తక్కువ. అది కొడుకు చేతగానితనం కాదు, అంత ఎత్తున ఉండేవాళ్లే తక్కువ కాబట్టి. మనవాళ్లకు రెండు సామెతలూ సిద్ధంగా ఉంటాయి. కొడుకు గెలిస్తే మీవారు చెప్పిన విత్తు సామెత, ఓడితే పండిత పుత్రుడి సామెత. రెండూ ఫలితం వచ్చాక చెప్పేవే. ఆడుతున్నవాడికి రెండింటితోనూ పనిలేదు.

మరి తండ్రి నుంచి కొడుక్కి నిజంగా ఏం వస్తుంది? నన్నడిగితే కాలి బలం కంటే, షాట్ కంటే ముందు ఆటను చదివే కన్ను వస్తుంది. చిన్నప్పటి నుంచి డ్రెస్సింగ్ రూముల్లో తిరిగినవాడు, ఇంట్లో ఆట గురించే మాటలు వింటూ పెరిగినవాడు కొన్ని పనులు ఎవరూ చెప్పకుండానే చేస్తాడు. ఈసారి మ్యాచ్‌కి వెళ్లినప్పుడు పక్‌ని వదిలేసి ఒక షిఫ్ట్ మొత్తం మీ కుర్రాడినే చూడండి. షిఫ్ట్ అంటే ముప్పావు నిమిషం, అంతే. మూలలో బోర్డు దగ్గరికి పక్ కోసం వెళ్లేటప్పుడు, అది అందుకునే లోపే తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడా? ఎన్నిసార్లు చూస్తున్నాడు? పక్ పోగానే మూడు పెద్ద అడుగులు వేసి వెనక్కి పరుగెడుతున్నాడా, లేక చేతులు దులుపుకున్నట్టు జారుతూ వస్తున్నాడా? బెంచికి వచ్చేటప్పుడు పక్ ఎక్కడుందో చూసుకుని వస్తున్నాడా? స్కౌట్లు రాసుకునేది ఇలాంటివే. ఇవి గోల్స్ పట్టికలో ఉండవు. అదే సమయంలో, ఆటగాడి ఇంట్లో పుట్టిన పిల్లవాడికి మంచి శిక్షణ ముందే దొరుకుతుంది కాబట్టి, పదిహేనేళ్లకి ముందున్నట్టు కనిపించి, తర్వాత మిగతావాళ్లు అందుకోవడం కూడా జరుగుతుంది. దాన్ని వెనకబాటు అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఇంట్లో మాట. ఇంటికి దూరంగా, స్కూలు చదువూ బస్సు ప్రయాణాలూ మ్యాచ్‌లూ నెట్టుకొస్తున్న పదిహేడేళ్ల పిల్లాడు. ఓహెచ్‌ఎల్‌లో సీజన్‌కి 68 మ్యాచ్‌లు. రింక్‌లో తండ్రి పేరు, పేపర్లో తండ్రి పేరు, జెర్సీ వెనక కూడా తండ్రి పేరే. ఆ పేరు వినపడకుండా అన్నం తినగలిగే చోటు వాడికి మీ వంటింటి బల్ల ఒక్కటే. అది కూడా పోయిందని మొన్న లేచి వెళ్లిపోయి ఉంటాడు. మీవారు మంచి మనసుతోనే అన్నారు, నాకు అనుమానం లేదు. కానీ ఒకసారి కుర్రాడు ఒంటరిగా దొరికినప్పుడు, కారులో ప్రాక్టీస్‌కి దింపేటప్పుడైతే ఇంకా మంచిది, "ఆ పది గోల్స్ లెక్క నేను సరిగ్గా వేయలేదు, ఇక ఆ మాట ఎత్తను" అని ఆయనే చెప్పాలి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. అంతటితో ఆపి, రేడియో పెట్టేయాలి.

తండ్రి గురించి అసలు మాట్లాడొద్దని కాదు. దాచిపెడితే అదో టెన్షన్. కుర్రాడే ఎత్తితే వినండి. ఆ తండ్రి మ్యాచ్ చూడటానికి వచ్చినప్పుడు మీ ఇంటికి భోజనానికి పిలిచి, ఆయన పదిహేడేళ్లప్పటి సంగతులు అడగండి. గోల్స్ కాదు, కోచ్ బెంచి మీద కూర్చోబెట్టిన రోజులు, గోల్ పడక వారాల తరబడి గడిచిన కాలం, తను ఉన్న బిల్లెట్ ఇంట్లో ఎలా ఉండేదో. చాలామంది తండ్రులు ఇవి సొంత కొడుక్కి చెప్పరు. పరాయివాళ్లు అడిగితే మాత్రం హాయిగా చెబుతారు. కొడుకు పక్కనే కూర్చుని వింటాడు. ఇంతకాలం రింక్‌లో వాళ్లు చెప్పిన తండ్రి వేరు, ఆ రోజు విన్న తండ్రి వేరు.

మ్యాచ్ అయిన రాత్రి గోల్స్ గురించి మీరు ముందుగా మాట్లాడకండి. ఏమైనా తింటావా అని అడగండి, చాలు. ఆట గురించి అడగాలనిపిస్తే మర్నాడు "ఆ రెండో పీరియడ్‌లో నువ్వు వెనక్కి పరుగెత్తి ఆపావు చూడు" అని మీరు కళ్లారా చూసినదొకటి చెప్పండి. అలా చెప్పాలంటే మీరు నిజంగా చూసి ఉండాలి. మీ బాబుని నోట్‌బుక్ మానేయమనకండి, ఆ ఆసక్తి మంచిది. ఎడమవైపు వరస తీసేసి, భుజం మీదుగా ఎన్నిసార్లు చూశాడు, పోయిన పక్‌లు ఎన్ని తిరిగి తెచ్చాడు అని లెక్కపెట్టమనండి. కుర్రాడికి చూపించాలా వద్దా అన్నది కుర్రాడినే అడిగి తెలుసుకోమనండి. నాకు తెలిసి కుర్రాడే అడిగి చూస్తాడు.

ఒక మాట డ్రాఫ్ట్ గురించి. ఏడు రౌండ్లు, 32 జట్లు, 224 పిక్‌లు. మొదటి రౌండ్ ఒక రోజు, మిగతావి మర్నాడు. తండ్రి మొదటి రౌండ్‌లో వెళ్లి ఉండి, కొడుకు పేరు మొదటి రోజు రాకపోతే ఆ రాత్రి చాలా పొడుగ్గా ఉంటుంది. అప్పుడు బ్రెట్ హల్ కథ చెప్పకండి, ఓదార్పు పోలిక కూడా పోలికే. "రేపు కూడా చూస్తున్నాం" అని ఒక మెసేజ్ పెట్టండి. తీసుకున్నా వెంటనే ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు ఎక్కువగా సెప్టెంబర్ శిక్షణ శిబిరానికి వెళ్లి, జూనియర్ జట్టుకే తిరిగొస్తారు. ఇప్పుడు మరో దారి కూడా తెరుచుకుంది. తండ్రి కాలంలో మేజర్ జూనియర్ (ఓహెచ్‌ఎల్, డబ్ల్యూహెచ్‌ఎల్ లాంటి లీగ్‌లు) ఆడితే అమెరికా కాలేజీ హాకీకి తలుపు మూసుకున్నట్టే. 2025 ఆగస్టు నుంచి ఆ నిబంధన మారింది, కొందరు కుర్రాళ్లు అటు వెళుతున్నారు. మీ కుర్రాడు ఎటు అనుకుంటున్నాడో తొందరపెట్టకుండా సీజన్ చివర్లో అడగండి. తిరిగొచ్చేటట్టయితే ఆ గది ఇంకెవరికీ ఇవ్వకుండా జట్టులో బిల్లెట్లు చూసేవాళ్లకి జూన్ లోపే చెప్పి ఉంచండి.